కామన్ స్నైప్, పిన్‌టెయిల్ స్నైప్ - భేదాలు

కామన్ స్నైప్, పిన్‌టెయిల్ స్నైప్ అనేవి స్కోలోపాసిడే కుటుంబంలో గాలినాగో ప్రజాతికి చెందిన రెండు పక్షి జాతులు. మొదటిదాని శాస్త్రీయ నామం గాలినాగో గాలినాగో; రెండవదానిది గాలినాగో స్టెనూరా. స్నైప్ పక్షులను తెలుగులో ముక్కుపూరేడి అంటారు. ఈ రెండు జాతులూ శీతాకాలంలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలకు వలస వస్తాయి. చెరువుల అంచులలోను, వరి మళ్ళలోను పక్కపక్కనే కనిపిస్తాయి కనుక ఒకదానిని మరొకటిగా భ్రమపడడం సర్వసాధారణం.

పోలికలు

రెండు పక్షులూ సుమారు 25 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. గోధుమ రంగు దేహంపై నలుపు, మీగడ రంగు చారలు ఉండడం వలన ఎండుగడ్డిలో కలిసిపోతాయి. పొడవైన ముక్కు కొనకు స్పర్శజ్ఞానం ఎక్కువ. మిగిలిన ముక్కును తెరవకుండానే కొనను మాత్రం విప్పి, మట్టిలోని వానపాములను, పురుగులను పట్టుకొంటాయి.

భేదాలు

రెక్కలు: ఎగురుతున్న కామన్ స్నైప్ రెక్క వెనుక అంచున స్పష్టమైన తెల్లని గీత, రెక్క అడుగున తెల్లని పట్టీలు కనిపిస్తాయి. పిన్‌టెయిల్ స్నైప్‌కు ఆ తెల్లని గీత దాదాపు ఉండదు. రెక్క అడుగుభాగమంతా ముదురు చారలతో నిండి ఉంటుంది.

తోక: కామన్ స్నైప్ తోకలో సాధారణంగా 14 ఈకలు ఉంటాయి. పిన్‌టెయిల్ స్నైప్‌కు సుమారు 26 ఈకలు ఉంటాయి. వాటిలో పక్కలనున్నవి సూదుల వలె సన్ననివి. దాని పేరుకు కారణం ఇదే.

ఎగిరే తీరు: అలికిడి కాగానే కామన్ స్నైప్ కర్కశంగా అరచి, వంకరటింకరగా వేగంగా ఎగిరిపోతుంది. పిన్‌టెయిల్ స్నైప్ కొంత మందంగా, తక్కువ మలుపులతో ఎగురుతుంది. దాని కాళ్ళు తోకను దాటి మరింత వెనుకకు కనిపిస్తాయి.

ఆవాసం: కామన్ స్నైప్‌కు మెత్తని బురద కావాలి. పిన్‌టెయిల్ స్నైప్ అక్కడే కాక, కొంత పొడిగా ఉన్న గడ్డినేలలలోను, కోత కోసిన పొలాలలోను కూడా మేస్తుంది.

సంతానోత్పత్తి: కామన్ స్నైప్ ఐరోపా, ఉత్తర ఆసియాలతో పాటు కాశ్మీర్, లడఖ్ ప్రాంతాలలోను గూడు కట్టుకొంటుంది. పిన్‌టెయిల్ స్నైప్ ప్రధానంగా ఉత్తర రష్యాలో పిల్లలను పొదుగుతుంది.

గుర్తింపు ప్రాముఖ్యం

నేలపై కూర్చున్న పక్షిని చూచి జాతిని నిర్ణయించడం కష్టం. స్విన్‌హోస్ స్నైప్ అనే మూడవ జాతి పిన్‌టెయిల్‌ను మరింత పోలి ఉంటుంది. కాబట్టి పక్షుల గణనలో రెక్క అంచు కనిపించనపుడు "స్నైప్" అని మాత్రమే నమోదు చేయడం మేలు. ఒక జాతిని మరొకటిగా లెక్కిస్తే, ఏది తగ్గుతున్నదో తెలియకుండా పోతుంది. చెరువులో నీరు నిలిచినా, దాని బురద అంచులు పూడ్చబడితే ముందుగా నష్టపోయేది కామన్ స్నైప్. పొడినేలలో మేసే పిన్‌టెయిల్‌లను కూడా దాని లెక్కలో కలిపితే ఆ నష్టం లెక్కలలో కనిపించదు.