చప్పుడు చెయ్యని రెక్కలు

ఏటికొప్పాక లక్కబొమ్మలు చూసే ఉంటారు. తరిమెన మీద కొయ్య గిర్రున తిరుగుతూ ఉంటే పనివాడు ఉలి ఆనించి పడతాడు. అందుకే ఆ బొమ్మలకు గుండ్రదనం వస్తుంది. మరి గుండ్రంగానూ లేక, చదునుగానూ లేక, చోటికొక వంపు తిరిగే లోహాన్ని చెక్కాలంటే ఎలా? అప్పుడు తిరగవలసింది వస్తువు కాదు, ఉలి! అదే మిల్లింగ్ మిషన్.

అలాంటి వంపుల్లో బహు కష్టమైనది ఓడ ప్రొపెల్లర్ రెక్క. మొదట్లో మందంగా, అంచున పలచగా ఉండి, పొడుగునా మెలి తిరుగుతుంది. వంపు సరిగా కుదరకపోతే ఒత్తిడి తగ్గినచోట నీళ్లలో ఆవిరి బుడగలు పుడతాయి. అవి చితికినప్పుడు చప్పుడవుతుంది. సరుకుల ఓడకు అదొక లెక్క కాదు. జలాంతర్గామి చప్పుడు చేసిందో, శత్రువు చెవిన పడ్డట్టే!

ఈ రెక్కలు చెక్కడానికి జపానులోని తోషిబా మెషిన్ కంపెనీ తొమ్మిది అక్షాల మీద కదిలే భారీ యంత్రాలు తయారుచేసింది. ఉలి ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ పోవడమే కాదు, రెక్క వాలును బట్టి తానూ ఒరుగుతుంది. వంపునంతా అంకెల్లోకి మార్చి ఇస్తే, ఆ అంకెల ప్రకారం యంత్రాన్ని నడిపే కంట్రోలర్లు నార్వేలోని కోంగ్స్‌బెర్గ్ కంపెనీవి.

1981లో సోవియట్ యూనియన్‌తో బేరం కుదిరింది. యంత్రాలు లెనిన్‌గ్రాడ్‌లోని బాల్టిక్ నౌకానిర్మాణశాలకు చేరాయి. అలాంటివి కమ్యూనిస్టు దేశాలకు అమ్మకూడదని అమెరికా, జపాను, నార్వే మొదలైన దేశాలు సభ్యులుగా ఉన్న 'కోకామ్' కట్టడి. అందుకని దరఖాస్తులో వేరే మామూలు యంత్రం పేరు రాశారు!

బేరంలో పాల్గొన్న జపాను వర్తక సంస్థ ఉద్యోగి ఒకడు 1985లో కోకామ్‌కు ఉత్తరం రాసి గుట్టు విప్పాడు. 1987లో సంగతి లోకానికి పొక్కింది. అమెరికా కాంగ్రెసు సభ్యులు కొందరు తమ భవనం ముందు పచ్చికమీద తోషిబా రేడియోను సమ్మెటలతో పగలగొట్టారు. మాతృసంస్థ ఛైర్మనూ, ప్రెసిడెంటూ రాజీనామా చేశారు. 1988లో టోక్యో న్యాయస్థానం తోషిబా మెషిన్‌కు జరిమానా వేసింది.

ఇంతకూ సోవియట్ జలాంతర్గాముల చప్పుడు తగ్గింది ఈ యంత్రాల వల్లనేనా? యంత్రాలు చేరకముందే ఆ చప్పుడు తగ్గుముఖం పట్టిందని వాదించిన నిపుణులున్నారు. పైగా 1985లో పట్టుబడిన జాన్ వాకర్ ఏళ్ల తరబడి అమెరికా నౌకాదళ రహస్యాలను సోవియట్‌కు అమ్ముకున్నవాడే. పాపమంతా ఒక్క మిషన్ నెత్తిన వెయ్యడం న్యాయం కాదనిపిస్తుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనక నా చూపు ఆ దరఖాస్తు మీదే నిలిచింది. రెక్క వంపును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కగల యంత్రం అది. దాని పేరు రాయవలసిన చోట మాత్రం మనిషి వంకర గీత గీశాడు. కోకామ్ 1994లో రద్దయింది. దాని స్థానంలో వచ్చిన వాసెనార్ ఒప్పందం కింద ఇలాంటి యంత్రాల ఎగుమతి మీద నిఘా నేటికీ ఉంది. ఎన్ని ఒప్పందాలు వచ్చినా, ఆ కాగితం నింపేవాడు నిజం రాస్తేనే కదా!