కార్మికుని వకీలు: కొనసాగవలసిన చదువు

నెల్లూరు జిల్లాలో సముద్రతీరమునకు చేరువనున్న విడవలూరు ప్రాంతమున ఒకవంక పెన్న నీటితో పండు మాగాణులు, వేరొకవంక రొయ్యల చెరువులు కానవచ్చును. ఇట్టి తీరప్రాంతములలో పనికి కుదురుట తరచు నోటిమాట మీదనే జరుగును. పనినుండి తొలగించుటయు నోటిమాటతోనే ముగియును. "రేపటినుండి రావలదు" అన్న ఒక్క మాటతో ఒక కుటుంబము పొయ్యి ఆరిపోవచ్చును. అప్పుడా కార్మికుడు వకీలు గుమ్మము తొక్కును. ఆ వకీలు చట్టమును ఎన్నడు చదివినాడు, మరల ఎప్పుడు చదివినాడు అను ప్రశ్న వకీలుకంటె కార్మికునకే ముఖ్యమైనది.

కారణము స్పష్టము. మన దేశమున కార్మిక వివాదములకు ఏడు దశాబ్దములకు పైగా ఆధారమైనది 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము. దానిని, మరికొన్ని కార్మిక చట్టములను తొలగించి, పార్లమెంటు 2019, 2020 సంవత్సరములలో నాలుగు కార్మిక స్మృతులను ఆమోదించెను. అవి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. నాటివరకు కంఠస్థమైయున్న సెక్షన్లు, గడువులు, సంఖ్యలు అనేకము మారిపోయినవి.

ఒక ఉదాహరణము చూతము. రొయ్యలు వలిచి శుద్ధిచేయు ఒక కర్మాగారమున పనిచేయు స్త్రీని హఠాత్తుగా తొలగించిరనుకొందము. పాత చట్టమునకు 2010లో జరిగిన సవరణ ననుసరించి, రాజీ అధికారికి దరఖాస్తు చేసి 45 దినములు గడచిన పిదప ఆమె నేరుగా లేబరు కోర్టుకు పోవచ్చును. తొలగింపునాటినుండి మూడేండ్ల గడువుండెను. కొత్త పారిశ్రామిక సంబంధముల స్మృతిలో వివాదము పుట్టిన రెండేండ్లు దాటినచో రాజీ అధికారి విచారణయే జరుపరాదు. రాజీ కుదరని పక్షమున, అధికారి నివేదిక అందిన 90 దినములలో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసికొనవలెను. "ఇంకను మూడేండ్లున్నవి, తొందర లేదు" అని పాత జ్ఞాపకముతో చెప్పిన వకీలు, తెలియకయే ఆమె హక్కును చేజార్చినవాడగును.

మార్పులన్నియు కార్మికునకు ప్రతికూలములే యనుకొనరాదు. కనీస వేతనము తక్కువ యిచ్చినచో పూర్వము ఆరు నెలలలో దరఖాస్తు చేయవలసియుండెను. వేతన స్మృతి ఆ గడువును మూడేండ్లకు పెంచినది. పనినుండి తొలగించినను, తానే మానుకొన్నను, రావలసిన వేతనమును రెండు పనిదినములలో చెల్లింపవలెనని ఆ స్మృతియే విధించుచున్నది. నిర్ణీతకాలపు ఒప్పందముపై కుదిరినవారికి ఏడాది సేవతోనే గ్రాట్యుటీ హక్కు కలుగుచున్నది. ఈ సంగతి నెరుగని వకీలు "నీకేమియు రాదు" అని కార్మికుని తిప్పి పంపివేయవచ్చును. అజ్ఞానము గడువు దాటించును. అందవలసిన దానిని అందనీయదు.

ఈ వృత్తిలో మరియొక చిక్కు కలదు. రాజీ అధికారి యెదుట వకీలు ఏ పక్షమునను హాజరు కారాదు. ట్రిబ్యునల్ యెదుట హాజరగుటకును ఎదుటిపక్షము సమ్మతి, ట్రిబ్యునల్ అనుమతి వలయును. ఈ నియమము పాత చట్టమునను గలదు, కొత్త స్మృతిలోను నిలిచినది. కార్మికుని పక్షమున రిజిస్టరైన సంఘము యొక్క బాధ్యుడు మాటలాడవచ్చును. కావున వకీలుపని కోర్టు మెట్లకు ముందే ఆరంభమగును. దరఖాస్తు వ్రాయుట, కాగితములు సమకూర్చుట, రాజీలో ఏమి అడుగవలెనో, దేనికి తలయూపరాదో కార్మికునకు బోధించుట, ఇవన్నియు విద్యలే.

పూర్వతీర్పుల నెరుగుటయు నట్టిదే. అన్యాయముగా తొలగింపబడి మరల ఉద్యోగమున చేరువారికి మధ్యకాలపు వేతనము సామాన్యముగా లభింపవలెనని 2013లో సుప్రీంకోర్టు ఒక ఉపాధ్యాయురాలి వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అయితే తనకు వేరొక సంపాదన లేదని కార్మికుడు మొదట చెప్పుకొనవలెను. తరువాతనే దానిని కాదని నిరూపించు భారము యజమానిపై పడును. ఆ ఒక్క వాక్యము వ్రాయుట మరచిన దరఖాస్తు, కొన్ని సంవత్సరముల జీతమును పోగొట్టవచ్చును.

మరి వకీలు చదువును ఎవరు కనిపెట్టుదురు? 1961 నాటి అడ్వొకేట్ల చట్టము, న్యాయవిద్యను పెంపొందించుటను, ఉపన్యాసములు, గోష్ఠులు ఏర్పరచుటను బార్ కౌన్సిళ్ళ పనులలో చేర్చినది. వృత్తిలో ప్రవేశించువారికి అఖిల భారత బార్ పరీక్ష కలదు. అటుపిమ్మట ఏటేటా ఇన్ని గంటలు చదువవలెనను నిర్బంధము మన దేశమున లేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము 1975లోనే అట్టి నిర్బంధమును పెట్టినది. ఫిలిప్పీన్స్‌లో మూడేండ్లకు 36 గంటలు చదువవలెను. ఉద్యోగుల పక్షమునే వాదించు అమెరికా వకీళ్ళు 1985లో తమకొక జాతీయసంఘమును స్థాపించుకొని, ఒకరినుండి ఒకరు నేర్చుకొనుచున్నారు. అయితే గంటల లెక్కయే విద్య కాదు. ఇంగ్లండులో సొలిసిటర్లకుండిన ఏడాదికి 16 గంటల నియమమును 2016లో విడిచి, తన లోపము తానే గుర్తించి నేర్చుకొను పద్ధతిని అవలంబించిరి.

ఈ విషయమున తెలుగువారికి మంచి వారసత్వము కలదు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రమభ్యసించిన వి. వి. గిరి కార్మికోద్యమమునకు జీవితమును ధారపోసెను. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవినే త్యజించెను. 1974లో స్థాపితమైన జాతీయ కార్మిక సంస్థ నేడు నోయిడాలో ఆయన పేర నడచుచున్నది. కేంద్ర కార్మికమంత్రిగా పనిచేసిన దామోదరం సంజీవయ్య పేర విశాఖపట్టణమున జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము కలదు. ఇట్టి విద్యాలయములు, జిల్లా బార్ సంఘములు కలసి నెలకొకసారి కార్మిక చట్టములపై గోష్ఠి జరుపుట గొప్ప వ్యయముతో కూడిన పని కాదు. ఒక స్మృతిలోని ఒక అధ్యాయము, ఒక కొత్త తీర్పు, ఒక దరఖాస్తు నమూనా చాలును. సంఘముల బాధ్యులనుగూడ పిలువవలెను. రాజీగదిలో మాటలాడవలసినవారు వారే కదా.

ఇది అన్నిటికంటె ముఖ్యముగా ఉచిత న్యాయసహాయపు వకీళ్ళకు వర్తించును. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఏర్పరచవలెను. పేదవానికి దొరకు వకీలు ఉచితమైనవాడైనంత మాత్రమున చాలదు, తెలిసినవాడును కావలెను.

ఇంటివారు చేయవలసినదియు కొంత కలదు. పనిలో చేరిన తేదీ, కూలి ముట్టిన దినములు, తొలగించిన దినము ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనుడు. కష్టము కలిగిననాడే న్యాయసేవల సంస్థకు పోయి విన్నవించుకొనుడు. "ఇది కొత్త స్మృతి ప్రకారమా, పాత చట్టము ప్రకారమా? గడువు ఏ తేదీతో ముగియును?" అని వకీలును అడుగుటకు సంకోచింపకుడు. మంచి వకీలు ఆ ప్రశ్నకు కోపగించడు. పుస్తకము తెరచి చూచి మరీ చెప్పును.