గర్భవిచ్ఛిత్తి చట్టాలు – కతోలిక రాజకీయవేత్తలు – శ్రీసభ బోధ

అమెరికాలోని కతోలిక రాజకీయవేత్తల నోట నలభై ఏళ్లకు పైగా వినిపిస్తున్న వాదన ఒకటుంది. వ్యక్తిగతంగా తాము గర్భవిచ్ఛిత్తికి వ్యతిరేకులమేనని, అయినా తమ విశ్వాసాన్ని చట్టం ద్వారా ఇతరులపై రుద్దజాలమని వారంటారు. ఈ మాటను కొందరు పిరికితనమని కొట్టిపారేస్తారు. మరికొందరు ప్రజాస్వామ్య మర్యాదగా మెచ్చుకుంటారు. శ్రీసభ బోధ దృష్ట్యా ఈ వాదనలో పస ఎంత, అది ఎక్కడ నిలువదు అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము. రేపు దివ్యసత్ప్రసాదం పంచబోయే గురువిద్యార్థులకు ఇది కేవలం దూరదేశపు వార్త కాదు. మన దేశంలోనూ 1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం అమలులో ఉంది. 2021లో చేసిన సవరణ కొన్ని వర్గాల స్త్రీల విషయంలో గడువును 20 వారాల నుండి 24 వారాలకు పెంచింది. అయితే రాజకీయవేత్తల మనస్సాక్షిని గూర్చిన చర్చ ఎక్కువగా సాగింది అమెరికాలో గనుక ప్రధానంగా అక్కడి ఉదాహరణలనే తీసుకొంటున్నాము.

పదప్రయోగం గురించి ఒక మాట. తెలుగులో "గర్భస్రావం" అనే పదాన్ని తనంతట తాను జరిగే నష్టానికీ, కోరి చేయించే దానికీ కూడా వాడుతుంటారు. కడుపులోని బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని ఆ పదం అకారణంగా నొప్పించగలదు. అందుచేత రెండవ దానిని "గర్భవిచ్ఛిత్తి" అనే వ్యవహరిస్తున్నాము.

పాపము, నేరము

క్రియ విషయంలో శ్రీసభ బోధ స్పష్టమే. తొలి క్రైస్తవ రచనలలో ఒకటైన డిడాకే మొదలు రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన "నేటి ప్రపంచంలో శ్రీసభ" అనే పత్రం వరకు, అక్కడి నుండి రెండవ జాన్ పాల్ పాపుగారు 1995 మార్చి 25న వ్రాసిన విశ్వలేఖ "జీవ సువార్త" వరకు, గర్భవిచ్ఛిత్తి ఘోరమైన తప్పు అన్న మాటలో మార్పు లేదు. ఆత్మ పిండంలో ఎప్పుడు ప్రవేశిస్తుందని మధ్యయుగ పండితులు వాదించుకొన్న మాట నిజమే. ఆ వాదం శిక్షల తీవ్రతను మార్చిందే గాని క్రియను మంచిదిగా చేయలేదు.

శ్రీసభ చట్టంలోని 1397వ సూత్రం రెండవ భాగం (2021 సవరణకు ముందు ఇది 1398వ సూత్రం) గర్భవిచ్ఛిత్తి జరిపించిన వారికి తీర్పు అక్కర లేకుండానే వెలివేత కలుగుతుందని చెబుతుంది. అనుకూలంగా ఓటు వేసిన శాసనసభ్యుడు కూడా దానంతటదే వెలి అయిపోతాడని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. శిక్షకు సంబంధించిన సూత్రాలను సంకుచితార్థంలోనే గ్రహించాలని అదే చట్టం 18వ సూత్రంలో ఆదేశిస్తోంది. ఒక నిర్దిష్టమైన క్రియను జరిపించడం వేరు, దానిని అనుమతించే చట్టానికి చేయెత్తడం వేరు. రెండవది తేలికైన విషయమని మా భావం కాదు. దానిని తూచే త్రాసు వేరని మాత్రమే చెబుతున్నాము.

ఇక చట్టం సంగతి. పాపమైన ప్రతిదానినీ రాజ్యం నేరంగా శిక్షించాలని శ్రీసభ ఎన్నడూ బోధించలేదు. పునీత తోమా అక్వీనాసు తన వేదాంత సంగ్రహంలో మానవ చట్టం దుర్గుణాలన్నిటినీ అణచజాలదని, సామాన్య జనులు భరించలేని భారం మోపితే మరింత కీడు కలుగుతుందని వివరించారు. "నా విశ్వాసాన్ని రుద్దలేను" అనేవారు తరచు ఆశ్రయించేది ఈ భాగాన్నే. కాని వారు సాధారణంగా చదవకుండా వదిలేసే వాక్యం ఆ వెంటనే ఉంది. ఇతరులకు హాని చేసేవి, అడ్డుకోకపోతే సమాజమే నిలువనివి అయిన దుర్గుణాలను చట్టం నిషేధించాలని చెప్పి, హత్యను, దొంగతనాన్ని ఆయన ఉదాహరణలుగా చూపారు. కనుక తోమా గారిని సాక్షిగా పిలిచినవారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు: గర్భవిచ్ఛిత్తిలో హాని పొందే "ఇతరులు" ఎవరైనా ఉన్నారా, లేరా? ఉన్నారని నమ్ముతూనే అది కేవలం తన సొంత నమ్మకమని తప్పుకోవడం కుదరదు. లేరని నమ్మితే "వ్యక్తిగతంగా వ్యతిరేకిని" అన్న మాటకు అర్థం ఉండదు.

నోటర్ డేమ్ ఉపన్యాసం

1960 సెప్టెంబరు 12న హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు బోధకుల ముందు జాన్ కెన్నెడీ తాను కతోలికుల అభ్యర్థిని కాదని, కతోలికుడైన అభ్యర్థినని చెప్పుకొన్న నాటికి ఈ చిక్కు లేదు. 1973 జనవరి 22న అమెరికా అత్యున్నత న్యాయస్థానం రో కేసులో గర్భవిచ్ఛిత్తిని రాజ్యాంగ హక్కుగా గుర్తించినప్పుడు ఇది మొదలైంది. ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు నిలిచారు. ఆనాటి ధర్మాసనంలో ఉన్న ఏకైక కతోలికుడు విలియం బ్రెన్నన్ ఆ ఏడుగురిలో ఒకరు. భిన్నాభిప్రాయం వ్రాసిన ఇద్దరూ కతోలికులు కారు. ఇది కేవలం కతోలిక విశ్వాసానికీ లౌకిక రాజ్యానికీ మధ్య తగవు అనుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1984లో న్యూయార్కు అగ్రపీఠాధిపతి జాన్ ఓ'కానర్ గర్భవిచ్ఛిత్తిని బాహాటంగా సమర్థించే అభ్యర్థికి కతోలికుడు మనస్సాక్షితో ఎలా ఓటు వేయగలడో తనకు అర్థం కావడంలేదన్నారు. ఆ ఏడే కతోలికురాలైన జెరాల్డీన్ ఫెరారో ఉపాధ్యక్ష పదవికి డెమోక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. ఈ వాతావరణంలో న్యూయార్కు గవర్నరు మారియో క్యూమో సెప్టెంబరు 13న నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసం ఈ చర్చకు మూలపాఠం వంటిదైంది. శ్రీసభ బోధను తాను అంగీకరిస్తున్నానని, అయితే దానిని చట్టంగా మార్చడం వివేకానికి సంబంధించిన ప్రశ్న అని ఆయన అన్నారు. ప్రజలలో ఏకాభిప్రాయం లేని చోట నిషేధం పనిచేయదని, పేద తల్లులకు సాయపడటం మేలని వాదించారు. ప్రత్యర్థులు ఒప్పుకోరు గాని, ఇది ఆలోచించి, కష్టపడి చేసిన ఉపన్యాసం. నైతికతకూ చట్టానికీ మధ్య వివేకం అనే మెట్టు ఉందన్న మాట పూర్తిగా కతోలిక సంప్రదాయంలోనిదే.

లోపం మరొకచోట ఉంది. న్యూయార్కులో మరణశిక్షను పునరుద్ధరించాలని శాసనసభ పదేపదే తీర్మానిస్తే, ప్రజలలో అధికులు దానిని కోరుతున్నప్పటికీ, క్యూమో తాను గవర్నరుగా ఉన్న పన్నెండేళ్లూ వీటో చేస్తూ వచ్చారు. అది ధైర్యం గల పని. అక్కడ ఆయన ఏకాభిప్రాయం కోసం ఎదురుచూడలేదు, జనాన్ని ఒప్పించే ప్రయత్నం చేశారు. గర్భవిచ్ఛిత్తి విషయంలో ఏకాభిప్రాయం లేకపోవడమే ఆయనకు ఆగవలసిన గీత అయింది. ఒకచోట నాయకుడు, మరొకచోట లెక్కల గుమాస్తా! ఏకాభిప్రాయం ఆకాశం నుండి ఊడిపడదు, దానిని నిర్మించడంలో రాజకీయవేత్తకు పాలు ఉంటుంది.

అదే పార్టీకి చెందిన మరో కతోలిక గవర్నరు, పెన్సిల్వేనియాకు చెందిన రాబర్ట్ కేసీ, ఇంకో దారి పట్టారు. తన రాష్ట్రంలో గర్భవిచ్ఛిత్తిపై పరిమితులు విధించే సవరణలపై సంతకం చేశారు, అవే 1992లో అత్యున్నత న్యాయస్థానం ముందుకు వచ్చాయి. ఆ ఏడే తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు ఆరోగ్య బీమా కల్పించే చట్టం మీద కూడా సంతకం చేశారు. పుట్టకముందు బిడ్డను, పుట్టిన తరువాత బిడ్డను విడదీయని ఈ పద్ధతి ఎడమ, కుడి పక్షాలలో దేనికీ పూర్తిగా నచ్చలేదు. పార్టీలో ఆయన దాదాపు ఒంటరివాడయ్యారు.

సంతకం పెట్టవలసిన చేయి

ఐరోపాలో రెండు సంఘటనలు ఈ చిక్కును మరింత పదునుగా చూపుతాయి. ఇటలీలో 194వ నంబరు చట్టం గర్భవిచ్ఛిత్తిని అనుమతించింది. పార్లమెంటులో క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షం దానిని వ్యతిరేకించి ఓడిపోయింది. కాని 1978 మే 22న దానిపై సంతకాలు చేసిన అధ్యక్షుడు జొవాన్ని లియోనె, ప్రధాని జూలియో ఆండ్రియోట్టి ఇద్దరూ ఆ పక్షంవారే, కతోలికులే. ఆ పక్షపు నాయకుడు ఆల్దో మోరోను ఉగ్రవాదులు హత్యచేసి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. సంతకానికి నిరాకరిస్తే రాజ్యాంగ సంక్షోభం తలెత్తేది. 1981 మే 17న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో చట్టాన్ని బిగించాలన్న ప్రతిపాదనను సుమారు 68 శాతం తిరస్కరించారు.

బెల్జియం రాజు బోదువాన్ 1990లో అటువంటి చట్టానికే సంతకం చేయనన్నారు. దేశంలో తానొక్కడే మనస్సాక్షికి విరుద్ధంగా నడచుకోవాలా అన్నది ఆయన ప్రశ్న. ఏప్రిల్ 4న రాజు పరిపాలన చేయలేని స్థితిలో ఉన్నాడని మంత్రివర్గం ప్రకటించి, తానే చట్టాన్ని జారీ చేసింది. మరునాడు పార్లమెంటు ఆయనను తిరిగి రాజుగా నిలిపింది. రాజుగారి నిజాయితీని మేము గౌరవిస్తాము. అయితే ఆయన తప్పించుకొన్న సంతకాన్ని క్రైస్తవ పక్షానికి చెందిన ప్రధాని విల్‌ఫ్రిడ్ మార్టెన్స్ మంత్రివర్గం పెట్టవలసి వచ్చింది. ఒకరి చేయి శుభ్రంగా ఉండటానికి మరొకరి చేయి కావలసివచ్చింది. వంశపారంపర్య రాజుకు సాధ్యమైన ఈ దారి, రోజూ ఓటు వేయవలసిన శాసనసభ్యునికి ఆదర్శం కాజాలదు.

ఆ శాసనసభ్యునికోసమే "జీవ సువార్త" 73వ పేరా వ్రాయబడిందని చెప్పవచ్చు. గర్భవిచ్ఛిత్తిని అనుమతించే చట్టానికి ఓటు వేయడం, దానికి అనుకూలంగా ప్రచారం చేయడం ఎన్నడూ తగదని అది మొదట చెబుతుంది. వెంటనే మరొక పరిస్థితిని ఎదుర్కొంటుంది: అటువంటి చట్టం అప్పటికే ఉంది, దానిని పూర్తిగా రద్దుచేసే బలం సభలో లేదు. అప్పుడు తన సంపూర్ణ వ్యతిరేకత అందరికీ తెలిసిన సభ్యుడు, హానిని తగ్గించే ఉద్దేశంతో పరిమిత ప్రతిపాదనను బలపరచవచ్చు. అది అన్యాయంలో పాలుపంచుకోవడం కాదు, దానిని కుదించే ప్రయత్నం. అంతా లేదా ఏమీ వద్దు అనే పట్టుదలను విశ్వలేఖ కోరడంలేదు. "నా చేతిలో ఏమీ లేదు" అనే సాకునూ అది మిగల్చలేదు.

దివ్యసత్ప్రసాదం ఎవరికి?

శ్రీసభ చట్టం 915వ సూత్రం బహిరంగమైన ఘోరపాపంలో మొండిగా కొనసాగేవారికి దివ్యసత్ప్రసాదం ఇవ్వరాదంటుంది. 916వ సూత్రం స్వీకరించేవాని సొంత మనస్సాక్షికి సంబంధించినది. మొదటిది పంచేవాని బాధ్యత, రెండవది అందుకొనేవాని బాధ్యత. 2004లో జాన్ కెర్రీ అధ్యక్ష పదవికి పోటీచేసినప్పుడు ఈ రెండూ కలగాపులగమయ్యాయి. అప్పటి విశ్వాస సిద్ధాంత పరిషత్తు అధిపతి కార్డినల్ రాట్జింగర్ అమెరికా పీఠాధిపతులకు పంపిన సూచనలలో ఒక వరుస ఉంది: కాపరి ముందు ఆ రాజకీయవేత్తను కలుసుకోవాలి, బోధను వివరించాలి, హెచ్చరించాలి. అయినా మారకపోతే నిరాకరించాలి. పీఠాధిపతుల సమావేశం మాత్రం ఆ జూన్‌లో 183–6 ఓట్లతో నిర్ణయాన్ని ఆయా మేత్రాసనాలకే వదిలింది.

ఆ సూచనల చివర ఓటర్ల గురించిన చిన్న గమనిక మనకూ పనికివస్తుంది. గర్భవిచ్ఛిత్తిని సమర్థిస్తున్నందుకే ఒక అభ్యర్థికి ఓటు వేసినవాడు ఆ కీడులో పాలివాడవుతాడు. ఆ వైఖరిని ఒప్పుకోక, తగినంత బలమైన ఇతర కారణాల వల్ల వేసిన ఓటును దూరపు సహకారంగా ఎంచి సహించవచ్చు.

జో బైడెన్ అధ్యక్షుడైన తరువాత, 2021 జూన్‌లో, పీఠాధిపతులు 168–55 ఓట్లతో దివ్యసత్ప్రసాదంపై పత్రం తయారుచేయాలని తీర్మానించారు. ముందుగా తమలో తాము, తరువాత రాజకీయవేత్తలతో సంభాషణ జరపాలని, ఒకటి రెండు అంశాలే ఘోరమైనవన్న భావన కలిగించవద్దని రోము నుండి కార్డినల్ లదారియా అంతకుముందే వ్రాశారు. నవంబరులో వెలువడిన పత్రం ఏ రాజకీయవేత్త పేరూ ఎత్తలేదు. 2022 మే 20న శాన్ ఫ్రాన్సిస్కో అగ్రపీఠాధిపతి కోర్డిలియోనె తన అగ్రమేత్రాసనంలో నాన్సీ పెలోసీకి దివ్యసత్ప్రసాదం ఇవ్వరాదని ప్రకటించారు. జూన్ 29న ఆమె రోములో, ఫ్రాన్సిస్ పాపుగారు పాల్గొన్న పూజలోనే దానిని స్వీకరించారని వార్తలు వచ్చాయి. గర్భవిచ్ఛిత్తి నరహత్యేనని నిష్కర్షగా చెప్పిన ఫ్రాన్సిస్ పాపుగారే, తాను ఎవరికీ దివ్యసత్ప్రసాదం నిరాకరించలేదని, పీఠాధిపతులు కాపరులుగా నడచుకోవాలని 2021 సెప్టెంబరులో అన్నారు.

915వ సూత్రాన్ని అటకెక్కించాలని మేము అనడంలేదు. కాని సంభాషణ, హెచ్చరిక అనే మెట్లు ఎక్కకుండా, ఎన్నికల వేళ కెమెరాల ఎదుట దానిని ప్రయోగిస్తే, ప్రజలు అందులో కాపరిని గాక ప్రత్యర్థిని చూస్తారు. అలాగని ఏళ్ల తరబడి మౌనం వహించిన పీఠాధిపతి కూడా ఆ రాజకీయవేత్త ఆత్మకు మేలు చేసినట్టు కాదు.

2022 జూన్ 24న డాబ్స్ తీర్పు రో తీర్పును కొట్టివేసింది. ప్రధాన తీర్పు వ్రాసిన శామ్యూల్ అలీటో, భిన్నాభిప్రాయంలో పాలుపంచుకొన్న సోనియా సోటోమేయర్ ఇద్దరూ కతోలిక కుటుంబాలలో పుట్టి పెరిగినవారే. న్యాయస్థానం అడ్డు తొలగాక నిర్ణయం రాష్ట్రాలకు వచ్చింది. క్యూమో చెప్పిన ఏకాభిప్రాయ సమస్య అప్పుడు నిజంగా ఎదురైంది. సంప్రదాయవాద రాష్ట్రమని పేరుపడిన కాన్సస్‌లోనే 2022 ఆగస్టులో ఓటర్లు గర్భవిచ్ఛిత్తి వ్యతిరేకులు తెచ్చిన రాజ్యాంగ సవరణను తిరస్కరించారు.

2025లో చికాగో అగ్రమేత్రాసనం వలసదారులకు చేసిన సేవకుగాను సెనేటర్ రిచర్డ్ డర్బిన్‌ను సత్కరించబోయింది. గర్భవిచ్ఛిత్తి హక్కును సమర్థిస్తున్నందుకు ఆయన సొంత మేత్రాసనమైన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2004 నుండి ఆయనకు దివ్యసత్ప్రసాదం లేదు. అక్కడి పీఠాధిపతి అభ్యంతరం చెప్పారు, మరికొందరు పీఠాధిపతులు ఆయనతో గొంతు కలిపారు. సెప్టెంబరు 30న డర్బిన్ ఆ సత్కారాన్ని వద్దనుకొన్నారు. అదే రోజు విలేఖరులు అడిగితే, పద్నాలుగవ లియో పాపుగారు ఆ సెనేటరు చేసిన పనినంతటినీ చూడాలని అన్నారు. గర్భవిచ్ఛిత్తిని వ్యతిరేకిస్తూ మరణశిక్షను సమర్థించేవాడు నిజంగా జీవపక్షపాతి కాడని కూడా ఆయన చెప్పారు. ఆ జవాబుకు అభ్యంతరం తెలిపిన కతోలికులు అమెరికాలో తక్కువేమీ కాదు.