పోటీ చట్టం అమలు: సైబరాబాద్ అంకుర సంస్థల దృష్ట్యా ఒక పరిశీలన

మాదాపూర్, రాయదుర్గం ప్రాంతాల్లో రూపొందే యాప్ ఆండ్రాయిడ్ వినియోగదారునికి చేరాలంటే ఆచరణలో గూగుల్ ప్లే స్టోర్‌ను ఆశ్రయించక తప్పదు. అంగడి యజమానే షరతులు విధించే ఈ స్థితిలో చిన్న సంస్థకు చట్టం కల్పించే రక్షణ ఎంత?

1969 నాటి ఎం.ఆర్.టి.పి. చట్టం స్థానంలో పోటీ చట్టం, 2002 వచ్చింది. ఇది సంస్థ పెద్దదైనందుకు దండించదు. ఆధిపత్యాన్ని దుర్వినియోగపరిస్తేనే 4వ సెక్షన్ వర్తిస్తుంది. వ్యాపారులు కుమ్మక్కై ధరలు నిర్ణయించడం 3వ సెక్షన్ పరిధిలోనిది. ఈ రెండూ 2009 మే 20 నుంచి అమలులోకి వచ్చాయి. వినియోగదారుడైనా, వ్యాపార సంఘమైనా 19వ సెక్షన్ కింద కాంపిటీషన్ కమిషన్‌కు సమాచారం ఇవ్వవచ్చు. ప్రాథమిక ఆధారాలు కనిపిస్తే కమిషన్ డైరెక్టర్ జనరల్‌ను దర్యాప్తుకు ఆదేశిస్తుంది. నివేదిక అందాక ఇరుపక్షాల వాదనలు విని 27వ సెక్షన్ కింద తీర్పు చెబుతుంది.

చెల్లింపులకు గూగుల్ సొంత బిల్లింగ్ విధానాన్నే తప్పనిసరి చేయడం దుర్వినియోగమని నిర్ణయించిన కమిషన్, 2022 అక్టోబర్ 25న రూ. 936.44 కోట్ల జరిమానా విధించింది. ఇతర బిల్లింగ్ సేవలను అనుమతించాలని ఆదేశించింది. అప్పిలేట్ ట్రైబ్యునల్ 2025 మార్చి 28న ఆ మొత్తాన్ని రూ. 216.69 కోట్లకు తగ్గించింది.

ఇక్కడొక అంశం గమనార్హం. 47వ సెక్షన్ ప్రకారం జరిమానా భారత సంచిత నిధికి జమవుతుంది. నష్టపోయిన సంస్థకు అందులో వాటా లేదు. పరిహారం కోసం అది 53ఎన్ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌కు వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. 2023 సవరణ తెచ్చిన సెటిల్‌మెంట్ విధానం వివాదాలను త్వరగా ముగించవచ్చు. అయితే తీర్పు వెలువడే నాటికి ఫిర్యాదీ అంగడిలో మిగిలి ఉన్నప్పుడే ఆ తీర్పు పోటీని కాపాడినట్లవుతుంది.