ప్రతివాది పేరు రాయాల్సిన చోట

నా దగ్గర జూనియర్లుగా చేరే పిల్లల చేత నేను ముందుగా చదివించేది జాన్ గ్రిషమ్ నవల ‘ద రెయిన్‌మేకర్’. 1995లో వచ్చింది. ఇంగ్లీషు కష్టమనిపిస్తే 1997లో కొప్పోలా తీసిన సినిమా అయినా చూడమంటాను. తాడేపల్లిగూడెంలో ప్రాక్టీసు చేసుకునేవాళ్ళకి అమెరికాలోని మెంఫిస్ కోర్టుతో ఏం పని అని తోటి లాయర్లే అడుగుతుంటారు. పని ఉంది. చేతిలో పట్టా తప్ప ఏమీ లేని కుర్ర లాయరు పెద్ద కంపెనీ మీదికి వెళ్తే ఎక్కడ నెగ్గుతాడో, ఎక్కడ ఆగిపోతాడో ఈ తరహా కథలు తేటగా చూపిస్తాయి. ఆ రెండు చోట్లూ మా ఏలూరు, కొల్లేరు ప్రాంతంలోనూ ఉన్నాయి.

కథ ఇది. రూడీ బేలర్ అప్పుడే లా పూర్తి చేశాడు. ఒక పేద ఇంటి కుర్రాడికి రక్త క్యాన్సరు. ఎముక మజ్జ మార్పిడి చేయిస్తే బతికే వీలుంది. వారం వారం ప్రీమియం కట్టించుకున్న ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం ఎన్నిసార్లు అడిగినా కుదరదంటుంది. కుర్రాడు చనిపోతాడు. కంపెనీ తరఫున పేరుమోసిన లాయర్ల దండు దిగుతుంది. రూడీకి సాయం ఎవరయ్యా అంటే, లాయరు పరీక్ష తప్పుతూ తప్పుతూ ఉన్న ఒక గుమాస్తా. వీళ్ళిద్దరూ గెలవడానికి కారణం కంపెనీ సొంత కాగితమే. క్లెయిములు ఎలా చూడాలో సిబ్బందికి చెప్పే మాన్యువల్లోంచి ఒక భాగాన్ని తీసేసి మిగతాది కోర్టుకిచ్చారు. ఆ భాగంతో సహా ఉన్న ప్రతి పాత ఉద్యోగిని ఒకామె దగ్గర ఉంది. వచ్చిన క్లెయిమునల్లా ముందు కాదనడమే అక్కడి పద్ధతని బయటపడింది. జ్యూరీ అయిదు కోట్ల డాలర్లు వేసింది. కంపెనీ దివాలా తీసింది. ఆ డబ్బు ఎవరికీ అందలేదు. రూడీ వృత్తే వదిలేశాడు.

గ్రిషమ్ మిసిసిపీలోని చిన్న ఊళ్ళో దాదాపు పదేళ్ళు వకీలుగా పనిచేసినవాడు. అందుకే గెలిచాక డబ్బు రాకపోవడాన్ని దాచలేదు. డిక్రీ వేరు, డబ్బు చేతికి రావడం వేరు అని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసిన ప్రతి లాయరుకీ తెలుసు.

తెలుగులో కోర్టు కథలకు కొదవ లేదు. యండమూరి ‘అభిలాష’ 1983లో చిరంజీవితో సినిమాగా వచ్చినప్పుడు కుర్ర లాయరు ఉరిశిక్ష మీద పోరాడాడు. ‘నాంది’ తప్పుడు కేసు పెట్టినవాళ్ళని శిక్షించే ఐపీసీ 211వ సెక్షన్ గురించి చెప్పింది. 2025లో ‘కోర్ట్’లో జూనియర్ లాయరే నాయకుడు. ఇవన్నీ నేను ఇష్టంగా చూశాను. వీటిలో ఎదుటివాడు పోలీసు కావచ్చు, డబ్బున్న బంధువు కావచ్చు, చట్టమే కావచ్చు. కంపెనీ అరుదు. దీనికి కారణం రచయితల్లో లేదు, మన పద్ధతిలో ఉంది. అమెరికాలో లాయరు ఫీజు ముందు తీసుకోకుండా, గెలిస్తే వచ్చే సొమ్ములో వాటాకి కేసు పడతాడు. మన బార్ కౌన్సిల్ నియమాలు అలాంటి ఒప్పందాన్ని ఒప్పుకోవు. ఇక్కడ జ్యూరీ లేదు. కంపెనీకి బుద్ధి వచ్చేలా కోట్లలో శిక్షగా పరిహారం వేసే అలవాటూ లేదు. పైగా సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేస్తే, అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. అన్నం పెట్టే మనిషి పోయిన ఇంట్లో ఆ ఫీజు ఎక్కడినుంచి తెస్తారు?

ఆ తలుపు మూసుంటే పక్కన ఇంకో తలుపుంది, అదే వినియోగదారుల కమిషన్. రూడీ కథ మన దగ్గర జరిగేది అక్కడే.

కొల్లేటి లంకల్లోంచి ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. భర్త చేపల చెరువుల మీద కాపలా పని చేసేవాడు. ఏజెంటు మాట మీద పాలసీ తీసుకున్నాడు, రెండో ఏడు గుండెపోటుతో పోయాడు. షుగరు జబ్బు దాచిపెట్టాడని కంపెనీ క్లెయిము తిప్పికొట్టింది. కంపెనీ ఆఫీసు బొంబాయిలో ఉందని ఉత్తరంలో చూసి ఆవిడ అడిగిన మొదటి మాట, “అక్కడిదాకా వెళ్ళాలా లాయరమ్మా?” అని. అక్కర్లేదు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉన్న జిల్లాలోనే వేసుకోవచ్చు. కంపెనీయే ఏలూరు రావాలి. కట్టిన ప్రీమియం 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు. ఆడవాళ్ళకైతే ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ లాయరునే ఇస్తుంది. ఇంత మంచి ఏర్పాటు ఉందని లంక గ్రామాల్లో ఎంతమందికి తెలుసు? గడువు రెండేళ్ళు. నా బాధంతా ఆ గడువు దాటాక వచ్చేవాళ్ళ గురించే.

ఆవిడ కేసులో నేను చేసిందల్లా ప్రపోజల్ ఫారం, ఆస్పత్రి కేసు షీటు తెప్పించమని పిటిషన్ వేయడం. ఫారం అంతా ఇంగ్లీషులో ఏజెంటు రాశాడు, కింద సంతకం మాత్రం తెలుగులో ఉంది. కేసు షీటు జిరాక్సులో ‘షుగరు అయిదేళ్ళుగా ఉంది’ అని ఎవరో రాశారు. ఎవరు రాశారు, ఎవరు చెబితే రాశారు? ఆ డాక్టరు అఫిడవిట్ ఏది? జబ్బు దాచాడని చెప్పేవాళ్ళే దాన్ని రుజువు చేయాలన్నది స్థిరపడిన న్యాయం. కంపెనీ దగ్గర ఆ రుజువు లేదు. ఆవిడకి వడ్డీతో సహా సొమ్ము వచ్చింది. బల్ల గుద్దింది లేదు, గొంతు పెంచింది లేదు. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ కూడా గుర్తుపెట్టుకోవాలి. జీవిత బీమా పాలసీ మూడేళ్ళు నిండితే ఇక ఏ కారణం చెప్పీ కంపెనీ దాన్ని ప్రశ్నించడానికి లేదు.

ఇదంతా ప్రతివాది పేరు తెలిసిన కేసు. పాలసీ మీద అచ్చయి ఉంటుంది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు మాయమవుతుంది.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి ఫిట్సు వచ్చి పడిపోయారు. పిల్లలు, ముసలివాళ్ళు, పనిలో ఉన్నవాళ్ళు. కొద్ది రోజుల్లో ఆస్పత్రికి చేరినవాళ్ళు 600 దాటారు. ఎక్కువమంది గంటల్లో తేరుకుని ఇంటికెళ్ళిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ఏ మందు, ఎవరి చేతినుంచి, ఏ దారిన ఒంట్లోకి చేరిందన్నది మాత్రం ఒక పేరు దగ్గర ఆగలేదు. దావా కాగితం మీద ‘ప్రతివాది’ అని రాశాక పక్కన ఏం రాస్తాం?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే జొనాథన్ హార్ ‘ఎ సివిల్ యాక్షన్’ పుస్తకం నడుస్తుంది. కల్పన కాదు, జరిగిన కేసు. మసాచుసెట్స్‌లోని వోబర్న్ ఊళ్ళో పిల్లలకి రక్త క్యాన్సర్లు వచ్చాయి. ఊరికి నీళ్ళిచ్చే రెండు బావుల్లో రసాయనాలు దొరికాయి. జాన్ ష్లిక్ట్‌మన్ అనే యువ లాయరు రెండు పెద్ద కంపెనీల మీద వెళ్ళాడు. కోర్టు జ్యూరీని అడిగిందేమిటంటే, ఫలానా రసాయనం భూమిలోంచి ఫలానా బావికి ఏ తేదీకి చేరింది అని! భూగర్భ జల శాస్త్రవేత్తలే తలపట్టుకునే ప్రశ్న. ఒక కంపెనీని జ్యూరీ వదిలేసింది. రెండోది 1986లో 80 లక్షల డాలర్లకు రాజీపడింది. ఆ కేసుకి పెట్టిన ఖర్చుతో ష్లిక్ట్‌మన్ దివాలా తీశాడు. తరవాత వెస్ట్ వర్జీనియాలో ఆవులు చచ్చిపోతున్నాయని వచ్చిన రైతు తరఫున డ్యూపాంట్ మీద నిలబడిన రాబ్ బిలట్‌కి (‘డార్క్ వాటర్స్’ సినిమా ఆయన కథే) ఈ చిక్కు తెలుసు. రాజీలో వచ్చిన డబ్బుతో ఆయన చేయించిన పని నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. మనిషికి 400 డాలర్లు ఇచ్చి దాదాపు 69,000 మంది రక్తం పరీక్షించారు. నీటికీ జబ్బుకీ ఉన్న ముడిని శాస్త్రవేత్తల చేతే తేల్పించారు. 2017లో కంపెనీలు 67 కోట్ల 10 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది ఆ రక్తం సాక్ష్యం చెప్పాకే.

ఏలూరులో రక్తం తీశారు. ఆ కాగితాలు బాధితుల చేతికి రాలేదు, వాళ్ళూ అడగలేదు.

కొల్లేరు ఇంకా కష్టం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చిందంతా, పట్టణాల మురుగుతో సహా, ఆ సరస్సులో కలిసి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 1999లో జీవో 120 అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకూ 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేసింది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. చెరువు తవ్వినవాడు, లీజుకిచ్చినవాడు, మేత అమ్మినవాడు, మురుగు వదిలినవాడు, అనుమతులిచ్చినవాడు. ప్రతివాదుల జాబితా రాస్తే అందులో వాదుల బంధువుల పేర్లే ఉంటాయి. లంకల్లో చేపలు పట్టే వడ్డి కులపు కుటుంబం ఒకటి ఉంటే అది ఒక కాగితంలో బాధితులు, ఇంకో కాగితంలో ఆక్రమణదారులు. ఒక దుష్టుణ్ణి చూపించి నడిపే నవల ఈ ఊబిలో దిగబడుతుంది. దీని మీద తెలుగులో ఎవరైనా మంచి కోర్టు నవల రాయాలని నాకెంతో కోరిక.

అయినా చేతులు ముడుచుకోనక్కర్లేదు. మన తెలుగు నేల మీద పుట్టిన కేసే దారి చూపింది. హైదరాబాదుకి నీళ్ళిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల నుంచి పది కిలోమీటర్ల లోపల ఒక నూనె కంపెనీ ఫ్యాక్టరీ కట్టింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతివ్వలేదు. కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసని పేరు. 1999 జనవరి 27న జస్టిస్ జగన్నాథరావు రాసిన తీర్పు ప్రకారం, ప్రమాదం లేదని రుజువు చేసుకోవాల్సింది పరిశ్రమే. వోబర్న్ తల్లులు మోసిన బరువుని ఆ తీర్పు అవతలి భుజం మీద పెట్టింది. అంతకుముందు 1986లో, ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో, ప్రమాదకరమైన పని చేసే పరిశ్రమ ఏ సాకూ చెప్పడానికి లేదని భగవతి గారి ధర్మాసనం తేల్చింది. ఆ పిటిషన్ వేసిన ఎం.సి. మెహతా అప్పటికి సుప్రీంకోర్టుకి కొత్తవాడే.

కంపెనీ లోపలి కాగితాలు బయటికి తీయించే అమెరికా లాయర్ల సదుపాయం మనకి అంత లేదు. సమాచార హక్కు ఉంది. అది కంపెనీలకి వర్తించదని పిల్లలు నీరుగారిపోతారు. కంపెనీ ఆ కాగితాలని కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి ఉంటుంది కదా, మండలిని అడగండి. పది రూపాయల దరఖాస్తు. ఆపరేషన్‌కి ఇచ్చిన కన్సెంటు, దాని షరతులు, తనిఖీ నివేదికలు వస్తాయి. ఎవరు కలిపారో తెలియనప్పుడు ఎవరు చూడాల్సి ఉండిందో తెలుసు. కుళాయి నీళ్ళిచ్చేది నగరపాలక సంస్థ, కాలవ మీద నిఘా పెట్టాల్సింది మండలి. ప్రతివాది నంబరు ఒకటి, రెండు అక్కడే దొరుకుతారు.

చేపలు తేలిపోయాయని రైతులు మినరల్ వాటర్ సీసాలో నీళ్ళు పట్టి నా ఆఫీసుకి తెస్తారు. ఆ సీసా పట్టుకుని ఫ్యాక్టరీ మీదికి వెళ్ళలేం. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ వదిలే నీటి నమూనా మండలి అధికారి తీయాలి, యజమానికి నోటీసివ్వాలి, అతని ఎదుటే రెండు భాగాలు చేసి సీలు వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అందుకని చేపలు తేలిన రోజే మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, రసీదు తీసుకోండి, పంచాయతీలో ఒక కాపీ పడేయండి. చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచికి వెళ్ళాలంటే మామూలు వివాదానికి ఆరు నెలలు, పరిహారానికి అయిదేళ్ళు గడువు. ఆ రసీదు మీది తేదీ నుంచే నా జూనియర్లు లెక్క మొదలుపెడతారు.