గుల్లలోనూ ఎర్ర నెత్తురే!

కాకినాడ: సున్నం బట్టీ దగ్గర కుప్పపోసిన గుల్లలను చూస్తే అవి ఒకనాడు ప్రాణంతో ఉన్నాయని తోచదు. కాకినాడ అఖాతం బురదలో దొరికే బుడిత గుల్లను విప్పితే ఎర్రటి నెత్తురు కారుతుంది. చాలా రకాల గుల్లలకు ఈ ఎరుపు లేదు. గాలి చాలని బురదలో ప్రాణవాయువును పట్టి ఉంచేది ఇదే.

దీనికి తల లేదు. నాలుకలాంటి పాదంతో బురదలో దూరుతుంది. మొప్పలతో నీటిని వడగట్టి, కంటికి కనబడని నాచు నలుసులు తింటుంది. అదే తిండి, అదే పని!

ఆడ, మగ వేరు. గుడ్లు, వీర్యం నీళ్లలోకే వదిలేస్తాయి. పిల్లలు కొన్నాళ్లు నీటిలో తేలి, తర్వాత బురదకు దిగుతాయి. ఏడాది లోపే తిరిగి గుడ్లు పెట్టే ఈడుకొస్తాయి. ఆ ఈడు రాకముందే గోరంత పిల్లలనూ బుట్టకెత్తేస్తే మరుసటి ఏడు పడవలోకి వచ్చేదేమిటి? ఏరినచోటే చిన్నవాటిని జల్లించి నీళ్లలో వదిలితే, తగ్గేది ఆ పూట బుట్టలో కాస్త బరువే.