శస్త్రచికిత్స అనంతరం పెంపుడు కుందేలు: కుట్ల కన్నా కడుపుపైనే దృష్టి అవసరం

శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వచ్చిన పెంపుడు కుందేలు ఒక మూలన కదలకుండా కూర్చుంటే విశ్రాంతి తీసుకుంటున్నదని యజమానులు భావించడం పరిపాటి. కుక్క విషయంలో ఆ భావన చాలావరకు సరియైనదే. కుందేలు విషయంలో మాత్రం అది ప్రాణాంతకం కావచ్చు. శత్రు జంతువుల కంట పడకుండా బతకవలసిన జీవి కనుక ఇది బాధను పైకి కనబరచదు, అరవదు. మేత మానివేసి మౌనంగా ఉండటమే దాని మొర.

హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల అపార్టుమెంట్లలో కుందేళ్ల పెంపకం కొత్తది కాదు. చప్పుడు చేయదు, తక్కువ స్థలంలో ఇముడుతుంది, వీధిలో తిప్పవలసిన పని లేదు. అయితే సమాచార సాంకేతిక సంస్థల ఉద్యోగుల ఇళ్లు పగలు, ఒక్కొక్కప్పుడు రాత్రి కూడా, ఎనిమిది నుండి పది గంటలు ఖాళీగా ఉంటాయి. శస్త్రచికిత్స జరిగిన కుందేలుకు ఈ ఖాళీ గంటలే గండం.

బ్రిటన్‌లో 2002-2004 మధ్య పశువైద్యశాలల నుండి సేకరించిన వివరాలతో 2008లో వెలువడిన అధ్యయనం ఈ సందర్భంలో గమనార్హం. మత్తుమందు సంబంధిత మరణాలు కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం కాగా, కుందేళ్లలో 1.39 శాతంగా తేలాయి. ఈ కుందేళ్ల మరణాలలో 64 శాతం శస్త్రచికిత్స ముగిసిన తరువాత సంభవించినవే. అంటే బల్ల మీద గడిచిన సమయం కన్నా ఆ తరువాతి సమయమే పెద్ద పరీక్ష. అయినా శస్త్రచికిత్సకు వెనుకాడటం సరికాదు. గర్భాశయం తొలగించని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ ముప్పు మిక్కిలి అధికం. మగ కుందేలుకు వృషణాలు తొలగించిన తరువాత కూడా నాలుగు నుండి ఆరు వారాల వరకు సంతానోత్పత్తి శక్తి ఉంటుంది కాబట్టి అప్పటి వరకు దానిని ఆడ కుందేలుకు దూరంగా ఉంచాలి.

కుందేలు జీర్ణవ్యవస్థ నిరంతరం పీచు పదార్థం అందుతూ ఉంటేనే పనిచేస్తుంది. మేత ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది. లోపల వాయువు చేరి నొప్పి పుడుతుంది. ఆ నొప్పితో కుందేలు మరింతగా మేత మానుతుంది. ఈ విషవలయాన్ని తొలి గంటలలోనే ఛేదించాలి. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక కుక్కకు, పిల్లికి వలె ముందు రోజు రాత్రి నుండి పస్తు ఉంచవలసిన అవసరం లేదు. అయినప్పటికీ పస్తు పెట్టి తీసుకువచ్చే యజమానులు ఉన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్లు కుక్కల నియమాన్నే దీనికీ వర్తింపజేయడం తగదు.

ఇంటికి చేరిన వెంటనే ఎండుగడ్డి, నీరు అందుబాటులో ఉంచాలి. దిగుమతి అయిన గడ్డి దొరకకపోతే పురుగుమందులు చల్లని, శుభ్రమైన గరిక మేలు. మెంతికూర, కొత్తిమీర, పుదీనా వంటి అలవాటైన ఆకులు కొద్దిగా పెడితే వాటి వాసన ఆకలిని రేపుతుంది. అన్నం, రొట్టె, బిస్కెట్లు, పాలు ఎంతమాత్రం పనికిరావు. ముట్టిన మేతతో పాటు పెంటికలను లెక్కించడం ముఖ్యం. అవి చిన్నవై, సంఖ్య తగ్గితే జాగ్రత్త పడాలి. పన్నెండు గంటలు గడిచినా కుందేలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లవారే వరకు ఆగకుండా వైద్యుని సంప్రదించాలి. వీపు వంచి కూర్చోవడం, పళ్లు గట్టిగా నూరడం, చెవులు చల్లబడటం, పొట్ట బిగుసుకుపోవడం కూడా ప్రమాద సూచనలే.

తినని కుందేలుకు నానబెట్టి మెత్తగా చేసిన దాణా గుళికలను సూది లేని సిరంజితో తినిపించవచ్చు. అయితే పేగులలో అడ్డంకి లేదని వైద్యుడు నిర్ధారించిన తరువాతే ఈ పని చేయాలి. ముందరి పళ్ల వెనుక ఉండే ఖాళీలో, నోటి పక్క నుండి కొద్దికొద్దిగా అందించాలి. వెల్లకిలా పడుకోబెట్టి తాగించరాదు. పరిమాణం, వ్యవధి కుందేలు బరువును బట్టి వైద్యుడే నిర్ణయిస్తాడు. నొప్పి తగ్గితేనే మేత సాగుతుంది కనుక వైద్యుడు రాసిన నొప్పి నివారణ మందు ఒక్క మోతాదు కూడా తప్పరాదు. ఇంట్లోని మనుషుల మాత్రలు వేయరాదు. పెన్సిలిన్ వర్గానికి చెందిన యాంటీబయోటిక్స్, ముఖ్యంగా అమాక్సిసిలిన్, నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణాపాయం కలుగుతుంది.

మత్తు దిగే సమయంలో శరీర ఉష్ణోగ్రత పడిపోతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఉంచరాదు. వేసవిలో ఎండ కాసే బాల్కనీ అంతకన్నా ప్రమాదకరం. అపార్టుమెంట్లలోని నున్నటి టైల్స్ మీద కాళ్లు జారి కుట్లపై ఒత్తిడి పడుతుంది కాబట్టి పాత నూలు చీరనో, దుప్పటినో పరచాలి. రంపపు పొట్టు గాయానికి అంటుకుంటుంది కనుక పది రోజుల పాటు దానికి బదులు వార్తాపత్రికలు వాడాలి. చెవులు పట్టి ఎత్తకూడదు. వెనుక భాగానికి చేయి ఆసరాగా ఇవ్వకుండా ఎత్తితే గింజుకుని వెన్నెముక విరిగే అవకాశముంది.

కుట్లను కొరకకుండా కుక్కలకు తొడిగే గరాటు వంటి పట్టీ కుందేలుకు తప్పనిసరి అయితేనే వాడాలి. కుందేలు రాత్రివేళ విసర్జించే మెత్తని పెంటికలను నేరుగా తిని పోషకాలను తిరిగి పొందుతుంది. పట్టీ ఉంటే అది సాధ్యపడదు. వానాకాలంలో తడిసిన, మలినమైన తోకభాగంపై ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి కనుక రోజుకు రెండుమార్లు పరిశీలించాలి. కుట్ల వద్ద వాపు, రసి, దుర్వాసన ఉంటే చూపించాలి.

శస్త్రచికిత్స తేదీని వారాంతానికి ముందు గాక, ఇంట్లో కనీసం 48 గంటలు ఒకరు ఉండగల రోజులలో, వైద్యశాల మరునాడు తెరిచి ఉండేలా నిర్ణయించుకోవడం ఐటీ ఉద్యోగులకు అనుకూలం. శుక్రవారం సాయంత్రం శస్త్రచికిత్స, ఆదివారం వైద్యుడు దొరకని పరిస్థితి తలెత్తరాదు. ఎంచుకునే వైద్యునికి కుందేళ్ల శస్త్రచికిత్సలో అనుభవం ఉన్నదో లేదో ముందే అడగడంలో తప్పులేదు. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయ పరిధిలోని పశువైద్య కళాశాల, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల నగరంలో ఉన్నాయి. ఐటీ కారిడార్ నుండి నారాయణగూడకు సాయంత్రం వేళ రద్దీలో ప్రయాణం దీర్ఘంగా సాగుతుంది. పంజరంలో గరిక, నేలపై మెత్తని గుడ్డ ఉంచి, పైన పలుచని బట్ట కప్పి తీసుకువెళ్లాలి. రాత్రివేళ సేవలందించే వైద్యశాల ఫోను నెంబరును శస్త్రచికిత్సకు ముందు రోజే రాసి ఉంచుకోవాలి.